తెడ్లు పారేయమన్న మోటారు

ముందే చెప్పేస్తున్నా. మా జ్యోతినగర్‌లో పడవలు లేవు. ఎన్టీపీసీ చిమ్నీలున్నాయి, కూలింగ్ టవర్లున్నాయి, బొగ్గు వ్యాగన్లున్నాయి, రాజీవ్ రహదారి మీద రాత్రీ పగలూ లారీలున్నాయి. పడవ మోటారు గురించి కబుర్లు చెప్పడానికి ఇంతకన్నా పొసగని ఊరు మీకు దొరకదు. అయినా చెప్తాను. టర్బైన్ మెయింటెనెన్స్‌లో సర్వీసంతా గడిపి రిటైరైనవాడికి చెప్పుకోవడానికి ఇంకేం కబుర్లుంటాయి చెప్పండి! కుర్చీ ఇటు జరుపుకోండి, చాయ్ వస్తోంది.

ఔట్‌బోర్డ్ మోటారును మీరు తప్పకుండా చూసే ఉంటారు, పేరు తెలియకపోతే తెలియకపోవచ్చు. 2022 జులైలో గోదారి పొంగినప్పుడు టీవీలో నారింజ రంగు రబ్బరు బోట్లు వచ్చాయి గుర్తుందా? మంథనిలో ఇళ్లల్లోకి నీళ్లొచ్చినప్పుడు, కిందికి పోయి భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు. ఆ బోటు వెనక చివర ఒకాయన కూర్చుని ఒంటి చేత్తో కర్రలాంటి హ్యాండిల్ పట్టుకుని ఉంటాడు. ఆ హ్యాండిల్ వెనక నల్లటి టోపీ పెట్టుకున్న యంత్రమే మన కథానాయకుడు. పైన ఇంజను, కిందికి నిలువు షాఫ్టు, నీళ్లలో ఒక చిన్న గేర్ల పెట్టె, దానికి ప్రొపెల్లర్. రెండు మరలు బిగిస్తే ఏ పడవకైనా తగులుకుంటుంది, మరలు విప్పితే భుజాన వేసుకుని ఇంటికి పోవచ్చు. చుక్కాని వేరే అక్కర్లేదు, మోటారునే అటూ ఇటూ తిప్పితే పడవ తిరుగుతుంది. లాంచీ ఇంజనుకూ దీనికీ తేడా అదే. లాంచీలో ఇంజను పడవ కడుపులో ఉంటుంది, ఇది బయట వేలాడుతుంది.

మరి ఇంత పెద్ద గంగ పక్కన ఉండి (మా వైపు పెద్దవాళ్లు గోదారిని గంగ అనే అంటారు) మనకు మోటారు పడవలు ఎందుకు లేవంటే, గంగ ఒప్పుకోలేదు. 1860ల్లో ఇంగ్లీషు దొరలకు ఒక ఆశ పుట్టింది. బీరారు పత్తిని గోదారి మీద స్టీమర్లలో సముద్రం దాకా దించుకోవాలని. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరుకు పని అప్పజెప్పారు. నదిలో అడ్డంగా రాతి గుట్టలు మూడుచోట్ల దారి ఆపేశాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది మన పాత కరీంనగర్ జిల్లా అంచున, మహదేవపూర్ అవతల ఇచ్చంపల్లి దగ్గర. ఆనకట్టలన్నారు, లాకులన్నారు, పక్క కాలువలన్నారు. కూలీలు మన్యం జ్వరాలతో మంచం పట్టారు, డబ్బు నీళ్లలా పోయింది, 1871లో పని మానుకున్నారు. దుమ్ముగూడెంలో ఆ కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎగువ గోదారి మీద యంత్రాల పడవల కథ అక్కడే ఆగిపోయింది. ఎండాకాలం రాళ్లు తేలే నది, వానాకాలం చెట్లను వేళ్లతో సహా తెచ్చే నది. అందుకే మా బెస్తవాళ్లకు పుట్టీ, తెడ్డూ చాలాయి. ఎల్లంపల్లి రిజర్వాయరు నిండాక నీళ్లు ఏడాది పొడుగునా నిలుస్తున్నాయి కానీ చేపలు పట్టేవాళ్లలో ఎక్కువమంది చేతుల్లో ఇప్పటికీ తెడ్డే.

తెడ్డు అన్నాను కదా, అసలు కథ తెడ్డు దగ్గరే మొదలైంది. ఓలే ఎవిన్‌రూడ్ అని ఒక నార్వే పిల్లవాడు, 1877లో పుట్టాడు, అయిదేళ్లప్పుడు తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. పెద్దవాడై మిల్వాకీలో ప్యాటర్న్ షాపు పెట్టుకున్నాడు. ఫౌండ్రీలో ఇనుము పోయడానికి ముందు చెక్కతో అచ్చు తయారు చేస్తారే, ఆ పని. 1906 వేసవిలో ఒకరోజు స్నేహితులతో, బెస్ అనే అమ్మాయితో చెరువు అవతలి ఒడ్డుకు షికారు పోయారు. ఆమెకు ఐస్‌క్రీమ్ తినాలనిపించింది. ఈ మహానుభావుడు రెండున్నర మైళ్లు తెడ్డు వేసుకుంటూ పోయి కొనుక్కొచ్చాడు. వచ్చేసరికి ఐస్‌క్రీమ్ కరిగి నీళ్లయిపోయింది. అమ్మాయి మాత్రం పెళ్లికి ఒప్పుకుంది. ఈ కథలో కొంత మసాలా ఉండే ఉంటుంది, కంపెనీలు తమ పుట్టుక కథలకు పోపు పెట్టకుండా ఊరుకోవు. కానీ 1909లో ఆయన చేసిన మోటారు మాత్రం కథ కాదు. ఒకటిన్నర హార్స్‌పవర్, 62 పౌండ్లు, అంటే 28 కిలోలు. ధర కూడా 62 డాలర్లే! తొలిసారి చూసినప్పుడు బెస్‌కు అది కాఫీ గింజలు విసిరే మిల్లులా కనబడిందట.

నిజానికి ఆయనే మొదటివాడు కాదు. కామెరాన్ వాటర్‌మన్ అనే లా విద్యార్థి 1905లోనే డెట్రాయిట్ దగ్గర మోటార్‌సైకిల్ ఇంజనును పడవకు తగిలించి నడిపాడు, ఆ తర్వాత కొన్ని వేలు అమ్మాడు కూడా. కానీ పేరు ఎవిన్‌రూడ్‌కు వచ్చింది. ఎందుకంటే ఇంట్లో బెస్ ఉంది. లెక్కలు ఆమే, ఉత్తరాలు ఆమే, ప్రకటనలు ఆమే. తెడ్డు వేయకండి, తెడ్లు అవతల పారేయండి, ఎవిన్‌రూడ్ మోటారు వాడండి అని పత్రికల్లో వేయించింది. యంత్రం ఆయనది, వ్యాపారం ఆమెది. ఈ మాట మోటారు మీద నేమ్‌ప్లేట్‌లో ఎక్కడా ఉండదు.

ఇక్కణ్నుంచి కథ మన సినిమాల్లో లాగా నడుస్తుంది. బెస్‌కు ఆరోగ్యం పాడైంది. 1914లో ఎవిన్‌రూడ్ తన వాటాను భాగస్వామి క్రిస్ మేయర్‌కు అమ్మేసి, అయిదేళ్లపాటు ఈ వ్యాపారం ముట్టుకోనని ఒప్పుకున్నాడు. భార్యను, కొడుకును తీసుకుని ఊళ్లు తిరిగాడు. గడువు దాటాక కొత్త డిజైన్ పట్టుకొచ్చాడు. ఇనుము, ఇత్తడి బదులు ఎక్కువ భాగం అల్యూమినియం, రెండు సిలిండర్లు, పవర్ రెట్టింపు, బరువు మాత్రం 48 పౌండ్లే. మర్యాదకు ముందు మేయర్‌కే చూపించాడు. మేయర్ వద్దన్నాడు. సరేనని సొంతంగా ‘ఎల్టో’ అని కొత్త కంపెనీ పెట్టి, తన పేరు మోసే పాత కంపెనీతోనే పోటీకి దిగాడు. 1929లో రెండు కంపెనీలూ, లాక్‌వుడ్ అనే మూడోదీ కలిసి ఒకటైతే, దానికి ప్రెసిడెంటుగా కూర్చున్నది ఈయనే. బెస్ 1933లో, ఆయన 1934లో పోయారు.

మోటార్లు సేకరించేవాళ్లకు ఇలాంటి కథలంటే ప్రాణం. అమెరికాలో 1965 నుంచీ పాత ఔట్‌బోర్డ్ మోటార్ల క్లబ్బు ఉంది. ఏదో అల్మారాలో పెట్టి చూసుకునే బాపతు కాదు వాళ్లు. చెరువు గట్టున కలుసుకుంటారు, ఒకరికొకరు పార్టులు మార్చుకుంటారు, వందేళ్ల మోటారును తాడు లాగి స్టార్ట్ చేసి పడవకు కట్టి తిప్పుతారు. వాళ్లలో ఎవరినడిగినా చెప్పే కథ ఇంకొకటుంది, అది నాకు ఎవిన్‌రూడ్ కథ కన్నా ఇష్టం. 1939లో కార్ల్ కీకేఫర్ అనే రైతుబిడ్డ విస్కాన్సిన్‌లో దివాలా తీసిన చిన్న ఫ్యాక్టరీ ఒకటి కొన్నాడు. ఆయనకు కావాల్సింది షెడ్డు, పాల పరిశ్రమకు పనికొచ్చే అయస్కాంత యంత్రాలు చేసుకోవడానికి. షెడ్డులో ఒక మూల సుమారు 300 ఔట్‌బోర్డ్ మోటార్లు పడి ఉన్నాయి. సరిగ్గా స్టార్ట్ కావడం లేదని మాంట్‌గొమరీ వార్డ్ అనే పెద్ద దుకాణం వాపసు చేసిన సరుకు. తూకానికి అమ్మేస్తే పోయేది. ఆయన విప్పి, లోపం పట్టి, అన్నీ బాగుచేసి మళ్లీ అదే దుకాణానికి పంపాడు. వాళ్లు ఇంకా కావాలన్నారు. మెర్క్యురీ కంపెనీ అలా పుట్టింది, ఇవాళ ప్రపంచంలో పెద్ద ఔట్‌బోర్డ్ కంపెనీల్లో అదొకటి. తుక్కులో పడున్న యంత్రాలు బాగుచేసి ఒకడు పడవ మోటార్ల దొర అయ్యాడని మా సింగరేణి మిత్రులకు చెప్తే, మనోడే అంటారు.

సరే, నా సంగతికొద్దాం. మీరు సేకరణ అనగానే గోడౌను ఊహించుకోకండి. నా దగ్గరున్నది ఒక్కటే. కాకినాడ జగన్నాథపురంలో పాత ఇనుము కొట్టులో దొరికింది. అల్యూమినియం వేరు కుప్ప, ఇత్తడి వేరు కుప్ప, మధ్యలో ఇది. “ఏదో బోటుదండీ, ముక్కలు చేద్దామనుకుంటున్నా, తూకానికే ఇచ్చేస్తాను తీసుకెళ్లండి” అన్నాడు కొట్టాయన. తుడిచి చూస్తే బ్రిటిష్ సీగల్. 1931లో వుల్వర్‌హ్యాంప్టన్‌లో మొదలై, తర్వాత ఇంగ్లండు దక్షిణ తీరంలో పూల్ అనే రేవు పట్నానికి మారిన కంపెనీ. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ల నౌకాదళం వేలకొద్దీ కొన్నది. పైన మూత ఉండదు, రంగులు ఉండవు, సోకులు ఉండవు. ఫ్లైవీల్‌కు తాడు చుట్టి లాగాలి, తాడు చేతిలోకి ఊడివస్తుంది, స్టార్ట్ కాకపోతే మళ్లీ చుట్టాలి. తాడు చివర ఎవరికి తగులుతుందో మీ పక్కన నిలబడ్డవాడి అదృష్టం. ప్రపంచానికే మేలైన ఔట్‌బోర్డ్ మోటారు మాదే అని వాళ్లు నిస్సిగ్గుగా ప్రకటించుకునేవారు. పట్టి చూసినవాడెవడూ పూర్తిగా కాదనలేడు.

దాన్ని గోదావరిఖనిలో ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆ షెడ్డు ఆర్‌ఎక్స్ హండ్రెడ్లకు ఆసుపత్రి. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996లో ఆగింది. అయినా మా బొగ్గు బెల్టులో బాయి (బొగ్గు గని) పనికి పోయినవాళ్ల కొడుకులు ఇప్పటికీ దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటున్నారు. మెకానిక్ తమ్ముడు మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, “సారూ, గిది ఏం బండిది? చక్రాలు ఏడవొయినయి?” అన్నాడు. బండిది కాదు, పడవదన్నాను. ప్లగ్గు విప్పి, సిలిండరు లోపలికి టార్చి కొట్టి, “టూ స్ట్రోకే గదా” అన్నాడు. అంతే, ఇక నన్ను పక్కకు జరగమన్నాడు.

చూడండి, అక్కడే నాకు నచ్చిన సంగతి ఉంది. ఆ అబ్బాయి సముద్రం చూశాడో లేదో తెలియదు, ఇంగ్లండు సంగతి సరేసరి. కానీ కండెన్సరు పోయిందని ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ రంగు చూసి చెప్పాడు. పాయింట్ల మధ్య సందు ఫీలర్ గేజితో సరిచేశాడు. కార్బ్యురేటరు మీద విలియర్స్ అని పేరుంటే తడిమి చూశాడు. విలియర్స్ వాళ్లు కూడా వుల్వర్‌హ్యాంప్టన్ వాళ్లే. వాళ్ల ఇంజనుతోనే 1960ల్లో మద్రాసు ఎన్‌ఫీల్డ్ వాళ్లు షెర్పా బండి చేశారని చెప్తే, “మా పెద్దనాయనకు ఉండె సారూ” అన్నాడు. చూశారా, పూల్ రేవుకూ గోదావరిఖనికీ చుట్టరికం ఎట్లా కలిసిందో!

నూనె దగ్గర మాత్రం కాసేపు పేచీ వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, పెట్రోలు బంకులో స్కూటరు ఆపి ‘టూటీ ఆయిల్ కలపండి’ అనేవాళ్లం. టూ స్ట్రోక్ ఇంజనుకు వేరే ఆయిల్ సంపు ఉండదు, పెట్రోల్లో కలిసిన నూనే లోపలి బేరింగులను తడపాలి. మన బళ్లకు లీటరుకు ఇరవై, ముప్ఫై మిల్లీలీటర్లు పోస్తే సరిపోయేది. పాత సీగల్‌కు పదికి ఒకటి పోయాలి, అంటే లీటరుకు వంద మిల్లీలీటర్లు! ప్లెయిన్ బుష్ బేరింగులు మరి, నూనె తాగకపోతే పట్టేస్తాయి. స్టార్టయితే షెడ్డంతా పొగ. అందుకే చల్లగా ఉండాల్సిన చెరువుల మీద నీలి పొర తేలి, ఈ టూ స్ట్రోకులకు చెడ్డపేరొచ్చింది, తర్వాత పొగ నిబంధనలు వచ్చి వాటి నోరు మూయించాయి. పాత యంత్రం మీద ఎంత ప్రేమున్నా ఇది ఒప్పుకోవాలి. పాతదంతా బంగారం కాదు.

పడవలు లేని ఊళ్లో పడవ మోటారును ఎట్లా నడిపారంటారా? రెండు వందల లీటర్ల ఇనుప డ్రమ్ము నిండా నీళ్లు పోసి, దాని అంచుకు మందపాటి చెక్క బిగించి, చెక్కకు మోటారు తగిలించాం. ఎక్కడైనా మెకానిక్కులు ఇట్లాగే చేస్తారు. నీళ్లు లేకుండా నడిపితే లోపలి పంపు ఎండిపోయి ఇంజను వేడెక్కి పాడవుతుంది. స్టార్టయ్యాక మొదట చూడాల్సింది వేగం కాదు, చల్లబరిచిన నీళ్లు బయటకు వస్తున్నాయా లేదా అని. ధార కనబడిందా, ప్రాణం ఉన్నట్టు.

తమ్ముడు అంతా విప్పాక ప్రొపెల్లర్ దగ్గర ఆగిపోయాడు. “దీనికి షియర్ పిన్ను ఏది సారూ?” అన్నాడు. బొగ్గు బెల్టులో పుట్టినవాడికే రావాల్సిన ప్రశ్న అది. చాలా అమెరికా మోటార్లలో ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టుకునేది ఒక మెత్తటి ఇత్తడి పిన్ను. రాయి తగిలితే ఆ పిన్ను తెగుతుంది, గేర్లు బతుకుతాయి. జేబులో నాలుగు పిన్నులుంటే చాలు, అక్కడే వేసుకోవచ్చు. బాయిలో కన్వేయరు డ్రైవుల దగ్గర కూడా ఇదే నీతి. ఫ్లూయిడ్ కప్లింగ్‌లో ఫ్యూజిబుల్ ప్లగ్గు ఉంటుంది. చైను పట్టేసి నూనె మరిగిపోతే ప్లగ్గు కరిగి నూనె బయటకు పోతుంది, మోటారు ఒట్టిగా తిరుగుతుంది, లక్షల సామాను మిగులుతుంది. సీగల్ వాళ్లు ఇంకో దారి పట్టారు. పిన్ను బదులు షాఫ్టు మీద గట్టి స్ప్రింగు చుట్టారు. రాయి తగిలినా, పీచు చుట్టుకున్నా ఆ దెబ్బను స్ప్రింగు మింగుతుంది. తెగేదేం లేదు, మార్చేదేం లేదు. తమ్ముడు ఆ స్ప్రింగును వేలితో మీటి, “దిమాగున్నోడు చేసిండు” అన్నాడు. మోటారు విలువ కట్టడానికి నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇంతకీ మన తెలుగు తీరంలో పాత మోటార్లు ఎందుకు మిగల్లేదో చెప్పాలి. కేరళలో 1980ల నుంచి చేపల పడవలకు జపాను ఔట్‌బోర్డులు దిగాయి, యమహా, సుజుకీ, కిరసనాయిలు మీద నడిచేవి. మన తూర్పు తీరంలో కథ వేరుగా నడిచింది. ఒడ్డున రేవు ఉండదు, అలల మీదుగా ఇసుకలోకి పడవ లాగాలి. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ వాళ్లు ఇలాంటి తీరానికని పడవలూ, డీజిల్ ఇంజన్లూ తెచ్చి ఏళ్ల తరబడి పరీక్షించారు. చివరికి మన ఫైబర్ తెప్పల మీద ఎక్కువగా స్థిరపడింది పొడుగు తోక ఇంజను. ఆటోలకు వేసే జాతి సింగిల్ సిలిండరు గ్రీవ్స్ డీజిల్ ఇంజనుకు పొడవాటి షాఫ్టు తగిలించి, చివర ప్రొపెల్లర్. ఇసుక రాగానే షాఫ్టు పైకెత్తేయొచ్చు. చెడిపోతే ఆటో మెకానిక్కే బాగుచేస్తాడు. ఉప్పునీళ్లకు అల్యూమినియం గేర్ల పెట్టె తినుకుపోతుంది, ఇంకో పక్క అల్యూమినియానికి తూకంలో మంచి ధర. పాత ఔట్‌బోర్డ్ రెండు రకాలుగానూ బతకలేదు. కాబట్టి మీరెప్పుడైనా భీమిలిలోనో, మచిలీపట్నంలోనో పాత ఇనుము కొట్టు ముందు నుంచి పోతుంటే ఒక్క చూపు లోపలికి వేయండి.

జపాను వాళ్ల గురించి రెండు ముక్కలు. తొహత్సు 1956లో, యమహా 1960లో, సుజుకీ 1965లో ఈ రంగంలోకి వచ్చాయి. హోండా 1964లోనే ఫోర్ స్ట్రోక్‌తో వచ్చింది, మొదటి నుంచీ పొగ లేని దారి పట్టింది వాళ్లు. ఎవిన్‌రూడ్ మోటార్లు చేసే అమెరికా పాత సామ్రాజ్యం 2000 డిసెంబరులో దివాలా తీసింది. ఆ పేరును బొంబార్డియర్ అనే కంపెనీ కొనుక్కుని ఇంకొన్నాళ్లు నడిపింది. 2020లో ఆ పేరుతో మోటార్లు చేయడం ఆపేశారు. ఐస్‌క్రీమ్ కోసం తెడ్డు వేసినవాడి పేరు 111 ఏళ్లు నిలిచింది. ఫర్వాలేదు.

ఇప్పుడు మీతో ఒక పని. మోటారు పడవ మీకెందుకు, మాకెందుకు. కానీ మన బొగ్గు బెల్టులో యంత్రాలకు కొదవా? 1975లో రామగుండం ఓపెన్‌కాస్టు మొదలైనప్పటి నుంచి ఎన్ని షావెళ్లు, ఎన్ని డంపర్లు వచ్చాయి, ఎన్ని పోయాయి! వయసైపోయిన యంత్రాన్ని ‘సర్వే ఆఫ్’ చేస్తారు, వేలం వేస్తారు, గ్యాస్ కట్టరుతో కోస్తారు. తప్పంటానా, అంత ఇనుమును ఎవరు దాచుకుంటారు. మీ ఊళ్లో వ్యవసాయ బావి మీద పడి ఉన్న కిర్లోస్కర్ ఇంజను సంగతీ అంతే, కరెంటు మోటారు వచ్చాక దాన్ని పట్టించుకునేవాడు లేడు. యంత్రాన్ని దాచమని నేను అడగను. దాని నేమ్‌ప్లేట్‌ను మాత్రం వదలకండి. అరచేయంత రేకు అది. ఎక్కడ చేశారు, ఏ మోడల్, నంబరెంత, ఎంత పవరు, అన్నీ దానిమీద గుద్ది ఉంటాయి. సీగల్ మోటారు ఏ కాలందో, ఏ రకమో దాని నంబరుతో పాటు ఉన్న అక్షరాలు చూసే పోల్చుకుంటారు.

పాత ఇంజనును తూకానికి వేసేముందు చింతపండుతో ఆ రేకును తోమండి. ఫోన్‌తో ఫొటో తీయండి. దాన్ని నడిపినవాళ్లు, బాగుచేసినవాళ్లు బతికుంటే వాళ్ల పేర్లు కింద రాయండి. వీలైతే ఆ నాలుగు రివెట్లు కొట్టి రేకు ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి, తూకంలో పది రూపాయలు కూడా తగ్గవు.